నూటికి నలువది

స్వరాజ్యమనగా ఏలెడివారు మారుట మాత్రమే కాదనియు, ఏలుబడిలో నిర్భాగ్యునకు దిక్కు కలుగుట యనియు మన పెద్దలు పదే పదే చెప్పిరి. 1931వ సంవత్సరము మార్చి నెలలో కరాచీ కాంగ్రెసు మహాసభ అంగీకరించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, శ్రామికులకు వార్ధక్యము వలనను, వ్యాధి వలనను, పనిలేమి వలనను కలుగు ఆర్థిక దుర్గతినుండి రక్షణ కల్పింపవలెనని యొక మాట కలదు. ఆ సంకల్పమే మన రాజ్యాంగములోని 41వ అధికరణమున మరల కానవచ్చుచున్నది. అందు అంగవైకల్యమును చేరినది. న్యాయస్థానమున నిలదీసి అడుగుటకు వీలులేని అధికరణమది, ఆదేశసూత్రములలోనిది, రాజ్యము యొక్క ఆర్థికశక్తికి లోబడినది. అయినను వాగ్దానము వాగ్దానమే. ఆ వాగ్దానము కరాచీనుండి బయలుదేఱి, భవానీపురములో ఒక సందు చివఱనున్న రెండు గదుల యింటికి చేరునప్పటికి ఏమగుచున్నదో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ యింటి యిల్లాలికి 46 ఏండ్లు. భర్త లేడు. కుట్టుమిషను త్రొక్కి, వీధిలోనివారికి జాకెట్లు కుట్టి, ఇద్దఱు బిడ్డలను కళాశాల వఱకు తెచ్చినది. ఏడేండ్ల క్రిందట ఆమె వ్రేళ్ల కణుపులు వాచుట మొదలిడినవి. మొదట కాజాలు కుట్టుట మానినది. పిమ్మట కత్తెర పట్టుట మానినది. ఇప్పుడు కుళాయి త్రిప్పుటకు కూతురిని పిలుచుచున్నది. ఉదయము నాలుగు గంటలకు లేచి వేడినీళ్లలో చేతులు ముంచుకొని కూర్చుండినచో తొమ్మిదింటికి గాని ఆ వ్రేళ్లు ముడుచుకొనవు. ఆ అయిదు గంటలును ఆమె తన జడ తాను వేసికొనలేదు. నీళ్ల చెంబు ఎత్తలేదు. ఇంగ్లీషు వైద్యులు ఈ వ్యాధిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. దీనిని పోలిన వ్యాధిని మన వైద్యులు ఆమవాతమని పిలిచిరి. మాధవనిదానమున దాని కొక ప్రత్యేకాధ్యాయమే కలదు.

ఆమె వార్డు సచివాలయమున దరఖాస్తు పెట్టి, సదరం శిబిరమునకు తేదీ సంపాదించి, ఒక ప్రభుత్వ వైద్యశాలకు పోయెను. పేదవాడు అధికారి యెదుటికి పోవునప్పుడు ఉన్నంతలో మంచి బట్ట కట్టుకొని పోవును. ఆమెయు పెట్టెలోని చీర తీసి కట్టుకొనెను. కూతురు జడ వేసి పూలు పెట్టెను. అంతకు మూడు వారముల ముందే నొప్పి భరింపలేక సూది మందు వేయించుకొనియుండెను. పిలుపు వచ్చునప్పటికి పగలు పదునొకండు గంటలు దాటినది. పిడికిలి మూయుమనిరి. మూసెను. చేతులు పైకెత్తుమనిరి. ఎత్తెను. నాలుగడుగులు నడువుమనిరి. నడచెను. కొన్ని దినములకు కాగితము వచ్చినది. అందు వైకల్యము నూటికి 30 అని యున్నది.

ఆ కాగితము పట్టుకొని ఆమె నాయొద్దకు వచ్చి, “తెల్లారగట్ల వచ్చి చూడమనండి బాబుగారూ నా చేతులు,” అని మాత్రమే అన్నది. ఇరువదేండ్లుగా కచేరీలలో ఎన్నియో వాదములు వింటిని. ఇంతకంటె పొట్టిగను, ఇంతకంటె సూటిగను చేసిన అప్పీలును వినలేదు.

30 అను ఆ అంకెకు అర్థమేమో చూడుడు. 2024వ సంవత్సరము జూలై నెల మొదలు మన రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అంతకుముందు అది 3,000. ఈ పెంపును మెచ్చుకొనని వాడు లేడు. కేంద్రప్రభుత్వపు ఇందిరాగాంధీ వికలాంగ పింఛను నెలకు 300 రూపాయలు మాత్రమే. అదియు దారిద్ర్యరేఖకు దిగువనుండి, వైకల్యము నూటికి 80 ఉన్నవారికే. ఆ 300లతో పోల్చినప్పుడు మన రాష్ట్రము చేయునది ఎంత పెద్ద సాయమో తెలియును. కాని ఆ 6,000 రూపాయల గుమ్మమునకు ఒకే గడప. నూటికి 40 వచ్చినవానికి ఏడాదికి 72,000 రూపాయలు. 39 వచ్చినవానికి సున్న. ఆ ఒక్క పాలు తేడా ఏ కీలులో నున్నదో ఏ వైద్యుడు చూపగలడు? మార్కులు వేయు ఉపాధ్యాయుడైనను ఒకటి రెండు తక్కువైన పిల్లవానికి దయతలచి కలిపి ఉత్తీర్ణుని చేయును. ఇచ్చట ఆ సౌకర్యమును లేదు. ఉండుటయు మంచిది కాదు, ఏలయనగా దయ దూరిన చోట దక్షిణయు దూరును.

ఈ వ్యాధి స్వభావము తెలియనిదే దీనిని కొలుచుటలోని చిక్కు తెలియదు. ముసలితనమున మోకాళ్లు అరిగి నొప్పులు పుట్టుట వేఱు, ఇది వేఱు. శత్రువును పట్టవలసిన శరీరరక్షణశక్తి తన కీళ్ల పొరలమీదనే తిరుగబడుట దీని మూలము. కంచె చేను మేసినట్లన్న మాట. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. వృద్ధాప్యమునకై వేచియుండదు, 30 మొదలు 60 ఏండ్ల నడుమ, సంసారము మోయవలసిన వయస్సులో, ముఖ్యముగా పట్టుకొనును. కనుక 60 నిండినవారి కిచ్చు వృద్ధాప్య పింఛను వీరికి అందదు. రెండు చేతులకును ఒకే తీరున, చిన్న కీళ్లలో మొదలగును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇది యొక దినమున్నట్లు మఱియొక దినముండదు. పొంగును, తీయును, మరల పొంగును. ఈ వారము మిషను త్రొక్కిన చేయి వచ్చు వారము అన్నపు ముద్ద కలుపలేదు. చూచువారికి ఆ మనిషి నిక్షేపముగా కనబడును. “నిన్న బాగానే తిరిగినది గదా, ఇవాళ ఏమి వచ్చినది?” అని అత్త అనును, పొరుగు అనును, తుదకు ప్రభుత్వమును అనును.

ఇక కొలత సంగతి. చేతి వైకల్యమును లెక్కించు పద్ధతి 2001 నాటి మార్గదర్శకములలోను, వానిని అనుసరించిన 2018 నాటివానిలోను వివరముగా చెప్పబడియున్నది. హస్తమునకు మొత్తము 90 పాళ్లు; పట్టుకు 30, స్పర్శకు 30, బలమునకు 30. తెగిన చేయికిని, నరము చచ్చిన చేయికిని ఈ లెక్క చక్కగా సరిపోవును. పోలియో వచ్చిన కాలికిని, యంత్రములో పడిన వ్రేళ్లకును చేసిన కొలబద్దను తప్పుపట్టుటకు నాకు అధికారము లేదు. కాని ఆమవాతరోగికి స్పర్శ పోదు. పోకపోగా, అతనికి మిక్కిలిగా నున్నది స్పర్శయే; దుప్పటి తగిలినను చేయి మండును. కనుక 90లో 30 పాళ్లు మొదటనే కొట్టివేయబడినవి. మిగిలిన పట్టు, బలము అనునవి ఆ దినమున, ఆ గంటయందు ఉన్నవా లేవా యని చూతురు. అప్పుడు కొన్ని నిమిషములపాటు ఉన్నచో ఏడాదియంతయు ఉన్నట్లే. ఒకసారి పిడికిలి మూయుట పరీక్ష; నూఱు గుండీలు కుట్టుట జీవనము. ఈ రెంటి నడుమనున్న దూరము ఏ గడిలోను వ్రాయబడదు.

ఆ వైద్యుని నేను నిందింపను. వరుసలో ఇంకను ఎందఱో కూర్చుండియున్నారు. ఆయన ఎముకల వైద్యుడు. ఈ వ్యాధికి చికిత్స చేయు రుమటాలజిస్టు ఆ బల్లవద్ద లేడు. ఆయన చేతికిచ్చిన కొలబద్దతో ఆయన కొలిచెను.

కృష్ణాతీరవాసులమైన మనకు ఈ కొలతలోని తప్పును వేఱుగా బోధింపనక్కఱలేదు. మండువేసవిలో పున్నమి ఘాటునొద్ద నిలిచి చూచినవానికి నదిలో నీరెంత కనబడును? ప్రకాశం బ్యారేజికి దిగువ ఇసుకమేటలలో పిల్లలు బంతులాడుచుందురు. 2024వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీని అదే బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు మించిన వఱద పోయినది. మే నెలలో ఒక మధ్యాహ్నము వచ్చి కొలిచి, “ఈ నదికి ఇంతే నీరు, దీనికి కరకట్టలు అనవసరము” అని వ్రాసిపోయిన ఇంజనీరును మనమేమందుము? ఏండ్ల తరబడి గేజీలు పెట్టి, దినదినమును వ్రాసి, పొంగు తీతలను లెక్కవేసి గదా నది శక్తి నిర్ణయింతురు. మనిషి కీళ్లకు ఆ పాటి గౌరవమైన దక్కరాదా?

ఇక్కడ ఒక తెలుగువాని ముచ్చట చెప్పక మానలేను. ఈ వ్యాధికి నేడు ప్రపంచమంతటను మొట్టమొదట వ్రాయు మందు మెథోట్రెక్సేటు. వారమునకొకసారి మ్రింగు మాత్ర. ఆ జాతి మందులు పుట్టినది అమెరికాలోని లీడర్లీ పరిశోధనశాలలో. అక్కడి పరిశోధనలను నడిపినవాడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.యస్. తో బయటపడినవాడాయన. ఆయన 1948లో గతించెను. మొదట రక్తపు క్యాన్సరునకు వాడిన ఆ మందును ఆమవాతమునకు వాడుటకు అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ 1988లో అనుమతించెను. కొలుచువారు తక్కువ కట్టినంత మాత్రమున మనిషి తక్కువ కాడనుటకు ఆయన జీవితమే సాక్ష్యము. కాని నేను ఆయనను తలచుట అందులకు కాదు.

ఆ మాత్ర మన కొలతకు తెచ్చిన విపరీతమును చెప్పుటకు తలచితిని. ఆ మందు క్రమముగా పడినచో పెక్కుమందికి వాపు తగ్గును, కీళ్లు చెడక నిలుచును. వ్యాధి పుట్టిన మొదటి ఏండ్లలోనే మందు పడవలెను. ఆలస్యమైనచో కీలు తినివేయబడి, వ్రేళ్లు ప్రక్కకు వాలి, మరల సరికావు. మందుతో పాటు కాలేయమునకును రక్తమునకును మాటిమాటికి పరీక్షలు చేయించుచుండవలెను. వీనికన్నిటికిని సొమ్ము కావలెను. సొమ్ము సంపాదింపవలసిన చేయి మూలబడినది. పింఛనుకై పోయినచో, మందు పనిచేయుచున్నది కనుక నీకు వైకల్యము చాలదని త్రిప్పిపంపుదురు. పింఛను లేక మందు మానును. మందు మానగా వ్రేళ్లు వంకరపోవును. అప్పుడు పోయినచో, నిరాక్షేపముగా 60యో 70యో వేసి పింఛను మంజూరు చేయుదురు. ఇంతకంటె విచిత్రమైన ధర్మము ఎక్కడనైన కలదా? చికిత్స చేయించుకొన్నవాడు దండింపబడుచున్నాడు, చెడిపోయినవాడు బహుమానింపబడుచున్నాడు. ముందు ఇచ్చియుండినచో చేయి నిలిచెడిది. తరువాత ఇచ్చునది ఆ చేయి పోయినందులకు పరామర్శ మాత్రమే. ప్రభుత్వపు ఖర్చుదృష్టితో చూచినను ఇది గడుసు బేరము కాదు. జీవితాంతము ఇయ్యవలసిన పింఛనును చేతులార తెచ్చిపెట్టుకొనుట.

చట్టమేమనుచున్నది? 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రము గుర్తించెను. 2016లో ఆమోదింపబడి 2017వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టము వానిని 21కి పెంచినది. ఆమ్లదాడికి గుఱియైనవారు, పార్కిన్సను వ్యాధిగ్రస్తులు, తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ రోగులు అందు చేరిరి. ఆ జాబితాలో ఆమవాతము పేరు లేదు. ఆ రోగి చలనవైకల్యమను తలుపుననే లోనికి పోవలెను. ఆ తలుపునొద్దనే పైన చెప్పిన కొలబద్ద నిలిచియున్నది. అయినను ఆ చట్టమే తన 2వ విభాగమున ఇద్దఱు మనుష్యులను వేఱుగా నిర్వచించినది. మొదటివాడు వైకల్యము గలవాడు: దీర్ఘకాలికమైన లోపము, సంఘములోని ఆటంకములతో కలిసి, ఇతరులతో సమానముగా పాల్గొనుటకు అడ్డమైనచో చాలును, నూటికి ఇంతయను లెక్క లేదు. రెండవవాడు నూటికి 40కి తక్కువకాని వైకల్యము గలవాడు. అతనికి రిజర్వేషను మున్నగు కొన్ని ప్రత్యేక లాభములు. సుప్రీంకోర్టు 2021వ సంవత్సరము ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున ఈ భేదమును స్పష్టపఱచెను. వ్రాయునప్పుడు చేయి కొంకర్లుపోవు వ్యాధి గల యువకుడొకడు పరీక్షలో లేఖకుని కోరగా, అతని వైకల్యము నిర్ణీతమైన లెక్కకు రాదని పబ్లిక్ సర్వీసు కమిషనువారు నిరాకరించిరి. 40 అను గడపను చట్టము పెట్టనిచోట అధికారులు పెట్టరాదని కోర్టు తీర్పు చెప్పెను. 2024వ సంవత్సరము అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసున, వైద్యవిద్య చేరగోరిన విద్యార్థి విషయమై, అంకెను మాత్రము చూచి మనిషిని త్రోసివేయరాదనియు, అతడేమి చేయగలడో చూడవలెననియు మరల చెప్పెను. అది అంకె ఎక్కువై చేటు కలిగిన వ్యవహారము. ఇది అంకె తక్కువై చేటు కలుగుచున్న వ్యవహారము. సూత్రము ఒక్కటియే యని నా మనవి.

ఒక వ్యాధిని పేరుపెట్టి పిలిచి సాయము చేయుట మన రాష్ట్రమునకు తెలియని విద్యయు కాదు. తీవ్రమైన మూత్రపిండ వ్యాధిగ్రస్తులకును, రెండు కాళ్లకును ముదిరిన బోదకాలు గలవారికిని నెలకు 10,000 రూపాయలు ఇచ్చుచున్నది. పక్షవాతముతో మంచముపట్టినవారికి 15,000. బోదకాలు పేరు పట్టికలోనికి ఎక్కినది. ఆ కాలు వీధిలో అందఱికిని కనబడును. ఆమవాతపు చేయి కనబడదు, ముఖ్యముగా పగలు పదునొకండు గంటలకు. కనబడు బాధకు పట్టికలో చోటు త్వరగా దొరకుననుట మానవస్వభావమే కావచ్చును. శాసనము మానవస్వభావమును దిద్దుటకు గదా ఉన్నది!

ఈ మధ్య ‘వికలాంగుడు’ అను మాట మొఱటని ‘దివ్యాంగుడు’ అనుచున్నారు. సంతోషమే. అవయవములకు దివ్యత్వము సిద్ధించినది. సర్టిఫికెట్టు మాత్రము మానవుల చేతిలోనే నిలిచిపోయినది.

దొంగ సర్టిఫికెట్ల మాట యేమని అడుగువారు కలరు. కాదని బుకాయింపను. చెవులు చక్కగా వినబడువాడు చెవిటివాడుగను, పొలముదున్నువాడు కుంటివాడుగను పింఛను తీసిన ఉదాహరణములు మన జిల్లాలలో అందఱును ఎఱుగుదురు. అది పేదవాని కంచములోని కూడు దొంగిలించుట. చట్టములోని 91వ విభాగము అట్టివానికి రెండేండ్ల వఱకు ఖైదును, లక్ష రూపాయల వఱకు జుల్మానాను విధించుచున్నది. ఆ విభాగమును వాడుడు. 2025వ సంవత్సరారంభమున రాష్ట్రప్రభుత్వము పింఛనుల పునఃపరిశీలనకు పూనుకొన్నది. ఆగస్టు నాటికి, వైకల్యము 40కి తక్కువ తేలినదని పెక్కుమందికి నోటీసులు పోయినవి. ఊరూరను అలజడి పుట్టినది. తుదకు ప్రభుత్వము అప్పీలునకు అవకాశమిచ్చినది. దొంగను పట్టవలసినదే. కాని దొంగకును ఆమవాతరోగికిని ఆ బల్లయెదుట ఒకటే పోలిక: ఇద్దఱును పైకి నిక్షేపముగా కనబడుదురు. గట్టిగా గాలించు జల్లెడలో మొదట రాలునది దొంగ కాదు. వాడు కాగితములు సిద్ధము చేసికొనియే వచ్చును. రాలునది చేతులు ఆ పూట కొంచెము బాగుండిన నిర్దోషి.

ఇంగ్లండులో 2013 మొదలు అమలులోనున్న వైకల్యభత్యపు నిబంధనలలో ఒక మాట కలదు. ఒక పనిని మనిషి ఒకసారి చేయుట చాలదట. క్షేమముగాను, సరియైన తీరునను, మరల మరలను, తగినంత వ్యవధిలోను చేయగలిగిననే చేయగలిగినట్లు. వ్యాధి దినదినము మారునదైనచో ఏడాది దినములలో సగమునకు మించి ఎట్లుండునో చూచి నిర్ణయింపవలెనట. ఆ పరీక్షలమీద ఆ దేశమున ఫిర్యాదులు తక్కువేమియు లేవు. దొరలు వ్రాసినదంతయు వేదమని నేననను. కాని ఈ ఒక్క మాట మన మార్గదర్శకములలో ఉండినచో, వేడినీళ్లలో గడచిన ఆ అయిదు గంటలు లెక్కలోనికి వచ్చెడివి. మంచిమాట ఎవరిదైనను గైకొనుట మనకు నామోషీ కాదు.

కావున మన గవర్నమెంటువారిని కోరునది పెద్ద కోరిక కాదు. ఆమవాతమును మారుచుండు వ్యాధిగా గుర్తించి, ఒక్కపూట పరీక్షతోపాటు, చికిత్స చేయు వైద్యుని ఏడాది చీట్లను, రక్తపరీక్షలను, ఎక్సురే పటములను చూడవలెనని ఉత్తరువు కావలెను. ఆ శిబిరమున రుమటాలజిస్టు లేనిచోట, ఉన్నచోటినుండి అభిప్రాయము తెప్పింపవలెను. నేటి తంతితపాలా సౌకర్యములలో అది నిమిషముల పని. కాలాంతరమున మార్పు కలుగు వైకల్యమునకు గడువుతో కూడిన ధ్రువపత్రము ఇయ్యవచ్చునని నియమములే చెప్పుచున్నవి. అట్టి పత్రమును పింఛనునకు పనికిరాని కాగితముగా చూడక, గడువు తీఱువఱకు పింఛను ఇచ్చి మరల పరీక్షింపవలెను. బాగుపడినచో పింఛను ఆగును. దానికి రోగికంటె సంతోషించువారు లేరు. ఇక 40కి లోబడినవారి సంగతి. 6,000 ఇయ్యకపోయినను, ఆ మాత్రకును పరీక్షలకును చాలు సొమ్మైనను ఇచ్చినచో, 30 అనునది 70 కాక నిలుచును. 2014 తరువాతి కొన్ని ఏండ్లు మన రాష్ట్రములోనే 40కిని 80కిని వేఱువేఱు మొత్తములు ఇచ్చుచుండిరి. మెట్లు కట్టుట తెలిసినవారే మనవారు. క్రింద ఇంకొక మెట్టు కట్టుమని అడుగుచున్నాను.

చదువరులకును ఒక పని చెప్పవలెను. 1921వ సంవత్సరము మార్చి తుది దినమునను ఏప్రిలు మొదటి దినమునను ఈ బెజవాడలోనే అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడి, కోటి రూపాయల నిధియు, కోటిమంది సభ్యులును, 20 లక్షల రాట్నములును కావలెనని నిశ్చయించినది. రాట్నము త్రిప్పునది చేయి. దేశము ఆనాడు ప్రతి యింటి చేతిని అడిగినది. నేడు అదే ఊరిలో, త్రిప్పలేని చేయి దేశమును అడుగుచున్నది. గ్రంథాలయములలో పత్రికలు చదువు మనము పది దరఖాస్తులు నింపిపెట్టలేమా? దరఖాస్తుదారుతో పాటు ఒక పూట శిబిరమునకు పోయి కూర్చుండలేమా? ఆ యింటి పిల్లలచేత ఒక చిట్టా వ్రాయింపుడు: ఏనాడు ఎన్ని గంటలకు వ్రేళ్లు ముడుచుకొనినవి, ఏ పని ఆగినది, ఎవరు అన్నము కలిపి పెట్టిరి. మూడు నెలల చిట్టా ఒక సర్టిఫికెట్టు కాకపోవచ్చును. కాని అప్పీలున అది గట్టి సాక్ష్యమగును. చట్టము 59వ విభాగమున అప్పీలు హక్కు ఇచ్చియున్నది. నాకు తెలిసిన పెక్కుమందికి ఆ విభాగమున్నట్లే తెలియదు. 30 అను అంకెను విధివ్రాత యనుకొని మడిచి బియ్యపు డబ్బాలో దాచుకొందురు. నా తోడి ప్లీడర్లు నెలకు రెండు అప్పీళ్లు ఫీజు లేక వ్రాసినచో వారి వ్యాపారమునకు లోటు రాదు.

ఆ యిల్లాలి అప్పీలు నేను వ్రాసితిని. ఏడేండ్ల మందుచీట్లు ఒక అట్టపెట్టెలో తేదీల వరుసన పెట్టియుంచినది. నా గుమాస్తా ఫైళ్లకంటె శుభ్రముగా నున్నవి. కూతురు వ్రాసిన చిట్టాను జతపఱచితిని. సంతకము చేయవలసి వచ్చినప్పుడు ఆమె కలము తీసికొని, రెండు చేతులతోను పట్టి, మెల్లమెల్లగా వ్రాసెను. వేలిముద్ర చాలునంటిని గాని, “చదువుకున్నదాన్నండీ,” అని ఒప్పుకొనలేదు. పోవుచు వాకిలినొద్ద నిలిచి, ఈసారి పరీక్ష ఉదయము ఏడు గంటలకు పెట్టుటకు వీలగునా యని అడిగెను. అప్పీలు పత్రమున అందులకు గడి లేదు. అంచున వ్రాసి పంపితిని.